సెటిల్ అవ్వడమా, సెటిల్ చెయ్యడమా?

మా ముండ్లమూరు వైపు ఎవరింటికెళ్లినా కాఫీ కన్నా ముందు ఓ ప్రశ్న వస్తుంది: "ఏమబ్బాయ్, సెటిలయ్యావా?" ఇంగ్లీషు అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా తడుముకోకుండా అడుగుతుంది. ఉద్యోగం, పెళ్లి, హైదరాబాదులో ఫ్లాటు, మూడింటినీ ఒక్క క్రియలో కుక్కేశాం. రోజంతా కోడు రాసుకునే నాకు మాటల పుట్టుక వెతకడం ఓ పిచ్చి. ఈ మాటని తవ్వితే చాలా దూరం పోయి, చివరికి మన ఊళ్లలోనే తేలింది.

సెటిల్ అంటే అసలర్థం కూచోబెట్టడం. పాత ఇంగ్లీషులో 'సెట్ల్' అంటే ఆసనం, దాన్నుంచి పుట్టిన క్రియ 'సెట్లన్'. సిట్, సెట్, సీట్ అన్నీ దీని చుట్టాలే. సంస్కృతంలో 'సద్' ధాతువుదీ ఇదే మూలం. సదస్సు, పరిషత్తు, ఉపనిషత్తు అందులోంచి వచ్చినవే. అంటే జిల్లా పరిషత్తూ, సెటిల్‌మెంటూ దూరపు దాయాదులన్నమాట! తగాదా తీర్చడం అనే అర్థం వెనక మాత్రం ఇంకో మాట హస్తం ఉందంటారు. మధ్యయుగపు ఇంగ్లీషులో రాజీ చేయడాన్ని 'సాట్లెన్' లాంటి మాటతో చెప్పేవాళ్లు. ధ్వని దగ్గరగా ఉండటంతో దాని అర్థం కూడా ఇందులో కలిసిందని నిఘంటుకారుల అభిప్రాయం.

మనకీ మాట లేక అరువు తెచ్చుకున్నామా అంటే, అదీ కాదు. కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్టని కుదురు అంటాం. దానికి చుట్టమే కుదరడం. బేరం కుదురుతుంది, పెళ్లి కుదురుతుంది, మనిషి కుదురుగా ఉంటాడు, జబ్బు పడ్డవాడు కుదుటపడతాడు. సెటిల్ చేసే పనులన్నీ దాదాపు ఇదీ చేస్తుంది. మరి సెటిల్ ఎందుకొచ్చింది? నా అనుమానం, అది సర్కారు కాగితాల మీద వచ్చింది.

1793లో బెంగాల్లో కారన్‌వాలిస్ పెట్టిన పర్మనెంట్ సెటిల్‌మెంట్, 1802లో మద్రాసు రాజధానిలోనూ కొన్నిచోట్ల మొదలైంది. దర్శి, పొదిలి ప్రాంతాలు వెంకటగిరి జమీందారీ కింద ఉండేవి. పడమటి కొసన కంభం, మార్కాపురం వైపు 1800లో నిజాం కంపెనీకి ధారపోసిన దత్త మండలాల్లో చేరాయి. అక్కడ థామస్ మన్రో 1807 దాకా రైతుతో నేరుగా శిస్తు కట్టించుకునే పద్ధతి నడిపాడు. పద్ధతి ఏదైనా అందులో సెటిల్ అయింది రైతు కాదు, శిస్తు. ఆ మాట మన పొలం కాగితాలనింకా వదల్లేదు. రెవెన్యూ ఆఫీసులో జనం ఆర్.ఎస్.ఆర్. అనే పుస్తకం రీసెటిల్‌మెంట్ రిజిస్టరే.

తర్వాత ఈ మాట మనుషుల మీదే పడింది. 1911 నేరస్థ తెగల చట్టం కింద, సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో, బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంట్ 1913లో మొదలైంది. ఎరుకల కుటుంబాలని తెచ్చి అక్కడ పెట్టారు. హాజరు పలకాలి, బయటికెళ్లాలంటే అనుమతి చీటీ ఉండాలి. ఊరూరా తిరిగి బతికేవాళ్లని "కూచోబెట్టడం" అంటే అక్షరాలా ఇదే. ఆ చట్టం 1952లో రద్దయినా, ఆ పేరు తెచ్చిన మచ్చ అంత తొందరగా పోలేదు.

ఇక్కడే తెలుగు చేసిన తమాషా చూడండి. ఇంగ్లీషులో ఒకే సెటిల్. మనం దానికి 'అవ్వు', 'చెయ్యి' అని రెండు తోకలు తగిలించి, ఎవరు ఎవర్ని అనేది తేల్చేశాం. సెటిల్ అయ్యేది నేను. సెటిల్ చేసేది ఇంకొకడు: సర్కారు, బ్యాంకు, లేకపోతే భూముల దందా చేసే రౌడీ.

పోనీ, అయినవాళ్లు నిజంగా అయ్యారా? 1953లో తుంగభద్ర నీళ్లు వచ్చాక గంగావతి, సింధనూరు వైపు వలసపోయిన కోస్తా రైతుల ఊళ్లని ఈరోజుకీ క్యాంపులనే పిలుస్తారు. మనవలు పుట్టినా క్యాంపే! హైదరాబాదులో తరాలుగా ఉన్నవాళ్లకీ ఎన్నికలొచ్చాయంటే సెటిలర్లనే పేరు తప్పదు. నిజంగా సెటిలైనవాణ్ణి ఎవరూ సెటిలర్ అనరు కదా.

వెలిగొండ సంగతి చూస్తే ఈ తేడా ఇంకా బాగా అర్థమవుతుంది. మా పడమటి ప్రకాశం నీళ్ల కోసం 1996లో శంకుస్థాపన జరిగింది. 2024 మార్చిలో సొరంగాలని జాతికి అంకితం చేశారు. సుంకేసుల, కలనూతల, గుండంచర్ల లాంటి ముంపు ఊళ్లకి అప్పటికింకా పునరావాసం పూర్తి కాలేదు. 2013 భూసేకరణ చట్టం పేరులోనే రీసెటిల్‌మెంట్ ఉంది. నీళ్లు కావాలని అడిగేవాళ్లలో నేనూ ఒకణ్ణి. కాకపోతే మనం సెటిల్ అవ్వడానికి వాళ్లని రీసెటిల్ చేస్తున్నాం. ఇందులో 'అవ్వడం' మన వాటాకీ, 'చెయ్యబడటం' వాళ్ల వాటాకీ వచ్చాయి. ఫైల్లో "సెటిల్డ్" అని రాస్తే సరిపోదు. కుండ కింద కుదురు ఉందా లేదా అనేది ముందు చూడాలి.