ఏకవచనము - గౌరవము

ఏకవచన బహువచనములు వ్యాకరణములోని మాటలు. అయినను వ్యాకరణ మెరుగనివారు సైతము "వాడు నన్ను ఏకవచనముతో పిలిచినాడు" అని పెద్దలయొద్దకు తగవు తెచ్చుచుందురు. ఇంత చిన్న మాటలో ఇంత నొప్పి ఎట్లు చేరినదో కొంచెము మనవి చేసెదను.

మన ప్రాచీన కవులు ఒక్కని నొక్కనిగానే సంబోధించిరి. పదునొకండవ శతాబ్దమునాటి నన్నయ భారతములో రాజును గూడ 'నీవు' అనుట కలదు. శతకకారులు దైవమును 'నీవు' అనియే వేడిరి. పలువురను చెప్పు 'మీరు' ఒక్క పెద్దమనిషికి మర్యాదయై, 'తాము' అను మాటనుండి 'తమరు' ఏర్పడి, లోకవ్యవహారములో స్థిరపడినవి.

స్పెయినుదేశపు భాషలోను ఇట్టి తీరే కలదు. అచ్చట చనువునకు 'తూ', మర్యాదకు 'ఉస్తెద్'. 'మీ అనుగ్రహము' అను అర్థముగల 'వుయెస్త్రా మెర్సెద్' అను రెండు మాటలు అరిగి అరిగి 'ఉస్తెద్' అయినవి. కావుననే దానికి ప్రథమపురుష క్రియ చేరును. ఎదుట నిలిచియే "అయ్యగారు భోజనము చేసినారా?" అని మనము అడుగుట వంటిదే ఇది.

నియమమున్నచోట దానిని తలక్రిందు చేసినచో హాస్యము పుట్టును. ప్రొద్దెక్కినను లేవని కొడుకుతో తల్లి "తమరు లేచితిరా?" అనును. స్పెయినుభాష మాటలాడు తల్లులును కోపము వచ్చినపుడు బిడ్డను 'ఉస్తెద్' అనుట కలదు. అచ్చట గౌరవమే మొట్టికాయ.

మన చలనచిత్ర రచయితలు ఇట్టి చమత్కారమును బాగుగ నెరిగినవారు. 1957లో వెలువడిన 'మాయాబజార్'లో పింగళి నాగేంద్రరావుగారు, మనవారను అర్థముగల 'అస్మదీయుల'కు జతగా, పరులకు 'తస్మదీయులు' అను మాటను కల్పించి రాక్షసులచేత పలికించిరి. అప్పుడు మదరాసున నున్న ఆ పరిశ్రమ పిమ్మట హైదరాబాదునకు తరలి, జూబిలీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతములలో నిలదొక్కుకొన్నది. ఆ నగరమున ఉర్దూలోని 'తూ, తుమ్, ఆప్' అను మూడు మెట్లును వినబడును. ఆంగ్లములో 'దౌ' వాడుకనుండి తొలగి 'యూ' ఒక్కటే మిగిలినది. కనుక ఆంగ్లచిత్రమును తెలుగు చేయువారు, నాయికానాయకులు ఏ ఘట్టమున 'మీరు' విడిచి 'నువ్వు' అనవలెనో తామే నిర్ణయింపవలెను. ప్రేమ కలిగినను, కలహము కలిగినను దిగునది ఆ మెట్టే.

ఇంతవరకు వినోదము. కాని, కామందుగారి పసివాడు ముదుసలి పాలేరును "ఒరేయ్" అనుట, ఆ ముదుసలి పసివానిని "దొరా" అనుట మన పల్లెల చరిత్రలో నున్నవి. అది హాస్యము కాదు. తెలంగాణ పల్లెలలో పెద్దలను సైతము ప్రేమతో 'నువ్వు' అందురు. అందు అగౌరవము లేదు. కావున దోషము ఏకవచనమునది కాదని నా అభిప్రాయము. ఇరువురును పరస్పరము అనుకొనగలిగినది చనువు. ఒకరు అనగా వేరొకరు తిరిగి అనలేనిది అణచివేత.

దేవుని 'నీవు' అనుటకు జంకని మనకు, పాలేరును 'మీరు' అనుటకు నోరేల రాదు? పెద్దలు ముందుగా అన్నచో పిల్లలు తామే నేర్చుకొందురు.