ఒకే కళాశాల, నాలుగు పట్టాలు

బరంపురంలో తరాలుగా చదువుకున్న ఒక తెలుగు ఇంటిని ఊహించుకోండి. గోడకు నాలుగు పట్టాలు వేలాడుతున్నాయి. ముత్తాతగారిది మద్రాసు విశ్వవిద్యాలయం పట్టా. తాతగారిది ఆంధ్ర, తండ్రిది ఉత్కళ, కొడుకుది బరంపురం. నలుగురూ చదివింది మాత్రం ఒకే ఖల్లికోట కళాశాలలో. కళాశాల ఉన్నచోటనే ఉంది. విశ్వవిద్యాలయాలే దాని మీదుగా మారిపోయాయి.

ఈ మార్పులు వాటంతటవి రాలేదు. ప్రతి మార్పు వెనుకా ఒక ఆలోచన, ఒక చట్టం, ఒక బేరం ఉన్నాయి. ఎల్లలకు అవతల స్థిరపడిన మనబోటి తెలుగువారు ఈ కథను ఒకసారి నెమరువేసుకోవడం అవసరం. ఎందుకంటే రాష్ట్రాల పటం కన్నా ముందు గీసినది విశ్వవిద్యాలయాల పటం. ఆ మొదటి పటంలో మనలో చాలామంది లోపలే ఉన్నాం.

1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయం చాలాకాలం ప్రధానంగా పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థ. గంజాం నుంచి దక్షిణ కొస దాకా కళాశాలలన్నీ దానికే అనుబంధం. 1913లో బాపట్లలో ఆంధ్ర మహాసభ జరిగిన తరువాత తెలుగువారికి వేరే విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక బలపడింది. దానికి చట్టరూపం ఇచ్చిన విద్యామంత్రి అన్నెపు పరశురామదాసు పాత్రో మన బరంపురంవారే. పానగల్లు రాజా మంత్రివర్గంలో ఉండగా ఆయన మొదట 1923లో మద్రాసు విశ్వవిద్యాలయాన్ని పునర్వ్యవస్థీకరించే చట్టం తెచ్చారు. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయం చట్టం తెచ్చారు. ముందు పాత ఇంటిని సరిదిద్ది, ఆ పిమ్మట కొత్త ఇంటికి పునాది వేశారన్నమాట. 1926 ఏప్రిల్ 26న ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. గంజాం మొదలు దత్తమండలాల దాకా తెలుగు జిల్లాలు దాని పరిధిలోకి వచ్చాయి. బరంపురం, పర్లాకిమిడి కళాశాలలు, పడమట బళ్లారి జిల్లా కూడా అందులోవే.

తొలి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డిగారు. ఆయనకు ఈ పని కొత్త కాదు. మైసూరు సంస్థానంలో పనిచేస్తున్నప్పుడు థామస్ డెన్‌హామ్‌తో కలిసి విదేశాల్లోని విశ్వవిద్యాలయాలను పరిశీలించారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడటానికి ఆ పరిశీలన తోడ్పడింది. కన్నడ దేశంలో నేర్చిన విద్యను ఆయన తెలుగు దేశానికి తెచ్చారని చెప్పుకోవచ్చు.

అయితే మైసూరులో లేని చిక్కు ఇక్కడ ఎదురైంది. విశ్వవిద్యాలయం ఎక్కడ ఉండాలి? మొదట బెజవాడలో పెట్టారు. రాజమహేంద్రవరం కావాలన్నవారున్నారు, విశాఖపట్నం కావాలన్నవారున్నారు. దత్తమండలాలవారు అనంతపురం మాటేమిటని అడిగారు. చివరకు 1930లో అది వాల్తేరు చేరింది. సముద్రం ఒడ్డున విశాలమైన స్థలం దొరికింది కానీ, బళ్లారి పిల్లవాడికి వాల్తేరు ఎంత దూరం? మద్రాసు దగ్గర, రైలు సులువు. దత్తమండలాల కళాశాలలు తిరిగి మద్రాసు విశ్వవిద్యాలయం కిందికే వెళ్లిపోయాయి.

ఆ విడిపోవడం మాటలతో మానే గాయం కాలేదు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగ్ భవనంలో కుదిరిన ఒడంబడికలో వాల్తేరుతోపాటు అనంతపురంలో కూడా విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలని రాసుకున్నారు. 1954లో రాయలసీమకు విశ్వవిద్యాలయం వచ్చింది కానీ అది తిరుపతిలో వెలిసింది. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఏర్పడేసరికి 1981 అయింది. ఒక్క వాక్యం కార్యరూపం దాల్చడానికి 44 ఏళ్లు! అప్పటికి బళ్లారి ఏనాడో, 1953లోనే, మైసూరు రాష్ట్రంలో చేరిపోయింది.

వాల్తేరులో మాత్రం పని చురుకుగా సాగింది. జాతీయోద్యమంపై ప్రభుత్వం సాగించిన అణచివేతకు నిరసనగా రెడ్డిగారు పదవి వదులుకున్నారు. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. పరీక్షలు పెట్టే సంస్థను పాఠాలు చెప్పే సంస్థగా మార్చే ఘట్టం అప్పుడు ఊపందుకుంది. హుమాయూన్ కబీర్, హిరేన్ ముఖర్జీ వంటి యువ పండితులను దూరం నుంచి రప్పించారు. 1931లో ఆర్ట్స్ కళాశాల, మరుసటేడు సైన్సు కళాశాల మొదలయ్యాయి. సైన్సు కళాశాలకు జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయలు ఇవ్వడానికి ముందుకొచ్చారు. స్వయంగా తెలుగు కవి అయిన ఆ మహారాజు సంస్థానం నేటి కొరాపుట్ జిల్లాలోది. 1936లో అది ఒడిషాలో చేరింది. ఆయన పేరు మాత్రం వాల్తేరు సైన్సు కళాశాల మీద నిలిచింది.

ఆ 1936 ఏప్రిల్ 1 మన ప్రాంతాలకు పెద్ద మలుపు. కొత్త ఒడిషా రాష్ట్రంలోకి బరంపురం, పర్లాకిమిడి వెళ్లాయి. పర్లాకిమిడి రాజావారి కళాశాలలో చరిత్ర పాఠాలు చెప్పి, అక్కడినుంచే వాడుకభాష కోసం పోరాడి, సవరల భాషకు జీవితం ధారపోసిన గిడుగు రామమూర్తిగారు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆయన విరమించి అప్పటికి పాతికేళ్లు. అయినా, పాఠం చెప్పిన ఊరిని ఆ వయసులో వదలడం చిన్న సంగతి కాదు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. రాష్ట్రం ఒక్క రోజులో మారింది కానీ విశ్వవిద్యాలయం మారలేదు. కొత్త రాష్ట్రానికి సొంత విశ్వవిద్యాలయం లేదు. ఉత్తరాన కటకం పట్నా విశ్వవిద్యాలయం కిందే ఉండగా, దక్షిణ కళాశాలలు ఆంధ్ర కిందే కొనసాగాయి. 1943 నవంబరులో ఉత్కళ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాకనే అవి అటు మారాయి. ఈలోగా 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాను బాంబులు పడి, ఆంధ్ర విశ్వవిద్యాలయమే గుంటూరుకు తరలిపోయింది! అలాంటి కల్లోలంలో కూడా ఎల్ల అవతలి కళాశాలలతో బంధం తెగలేదు. మార్పును నిదానంగా నడపడమంటే ఇదే. చదువు మధ్యలో ఉన్న పిల్లవాడి కాళ్ల కింద నేల లాగేయకుండా, కొత్త నేల గట్టిపడేదాకా పాతదాన్ని ఉంచారు. 1967లో బరంపురం విశ్వవిద్యాలయం ఏర్పడి, కళాశాలకు ఊళ్లోనే పెద్దదిక్కు దొరికింది.

ఇంత జాగ్రత్తలోనూ ఒక లోటు మిగిలింది. విశ్వవిద్యాలయం మారితే పేరొక్కటే మారదు. పాఠ్యపుస్తకాలు, భాషా పత్రాలు, అధ్యాపకుల నియామకాలు అన్నీ మారతాయి. కేంద్రం ఎక్కడుండాలో తేల్చడానికి సభలు జరిగాయి, ఒడంబడికలు రాసుకున్నారు. అంచున ఉన్న కళాశాలలో అక్కడి మైనారిటీ భాష బోధన ఏమవుతుందో శ్రీబాగ్‌లాగ కూర్చుని రాసుకున్న ఒడంబడిక ఏదీ మనకు లేదు. అనంతపురానికి ఆలస్యమైనా న్యాయం జరిగిందంటే, అడగడానికి చేతిలో ఒక కాగితం ఉండబట్టే. ఆ కాగితం లేనివాళ్లం మనం. ఒక తెలుగు అధ్యాపకుడు విరమించినప్పుడు ఆ ఖాళీ నింపమని అడగడానికి మనకు సంఖ్య కావాలి, అర్జీ కావాలి, ఓపిక కావాలి.

ఇప్పుడు కూడా కళాశాలలను కలుపుతున్నారు, విడదీస్తున్నారు, హోదాలు మారుస్తున్నారు. మన ఊరి కళాశాల విషయంలో అలాంటి ప్రతిపాదన వచ్చినప్పుడు, భవనాలెన్ని, నిధులెన్ని అని అడిగేవారు ఎలాగూ ఉంటారు. తెలుగు పత్రం ఉంటుందా, చెప్పేవారుంటారా అని అడగవలసింది మనమే. అది కూడా చట్టం అయ్యాక కాదు, ముసాయిదా నాడే అడగాలి.

చివరగా పాఠకులకు ఒక విన్నపం. మీ ఇళ్లలో పాత పట్టాలు, కళాశాల సంచికలు, పరీక్షా పత్రాలు ఉంటే పారవేయకండి. ఏ ఏడు ఏ విశ్వవిద్యాలయం, తెలుగులో ఏ పుస్తకం చదివారు అన్న రెండు సంగతులు ఒక చీటీ మీద రాసి వాటికి జతచేయండి. రేపు అడగడానికి మన చేతిలో ఉండే కాగితాలు అవే.