ఆంగ్లపదముల విపరీతార్థములు

ఒక పదమున కర్థము చెప్పుటకు రెండు మార్గములు కలవు. దానితో సమానమైన పదమును చూపుట మొదటిది. దానికి విరుద్ధమైన పదమును చూపుట రెండవది. మొదటి మార్గము నమరసింహాది కోశకర్తలు మిక్కిలి పెంపొందించిరి. ఆంగ్లమునందు రెండవ మార్గమునకు ప్రసిద్ధి కలిగినది పందొమ్మిదవ శతాబ్దమున.

1816లో జార్జి క్రాబ్ ఆంగ్లపర్యాయపదముల సూక్ష్మభేదములను వివరించుచు నొక గ్రంథమును ప్రకటించెను. పీటర్ మార్క్ రోజే యను వైద్యుడు 1852లో తన థెసారస్‌ను వెలయించి, పదములను భావములను బట్టి యాఱు వర్గములుగను, వేయి శీర్షికలుగను విభజించెను. పరస్పరవిరుద్ధములైన భావముల నొకే పుటయందు రెండు వరుసలుగా నెదురెదుర నిలిపెను. కోల్‌బ్రూక్ యాంగ్లానువాదముతో 1808లో శ్రీరామపురమున ముద్రితమైన యమరకోశమును రోజే తన పీఠికయందు పూర్వప్రయత్నముగా పేర్కొనుట గమనింపదగినది. 1867లో చార్లెస్ జాన్ స్మిత్ ప్రకటించిన గ్రంథముయొక్క పేరునందే ‘సినొనిమ్’ ప్రక్క ‘ఆంటొనిమ్’ అను శబ్దము చోటు చేసికొన్నది.

ఐనను, నిషేధోపసర్గము చేరినంతమాత్రమున విపరీతార్థము సిద్ధింపదు. మన వైయాకరణులు నఞ్‌కు సాదృశ్యము, అభావము, అన్యత్వము, అల్పత్వము, అప్రాశస్త్యము, విరోధము నని యాఱర్థములను చెప్పిరి. అపాపమనగా పాపము లేకుండుట. అధర్మమన్ననో ధర్మమునకు విరుద్ధమైనది. ఆంగ్లమునందు నిట్టి వివేచన మావశ్యకము. ‘ఇన్‌వాల్యుబుల్’ అనగా విలువ లేనిది కాదు, వెలకట్టరానిది. ‘ఇన్‌ఫేమస్’ అనగా ప్రసిద్ధి లేనివాడు కాడు, అపకీర్తి పొందినవాడు.

‘ఇన్‌ఫ్లేమబుల్’ అను పదమునందలి ‘ఇన్’ నిషేధార్థకమే కాదు. మండించుట యను నర్థము గల లాటిన్ ధాతువునుండి యా పదము పుట్టినది. కావున దాని కర్థము సులభముగా మండునది యని. దానిని మండనిదిగా పొరబడినచో ప్రాణములకే ముప్పు. అందువలననే యమెరికాయందలి జాతీయాగ్నిరక్షణసంఘము 1920 తరువాతి దశకమున ‘ఫ్లేమబుల్’ అను రూపమునే వాడవలసినదని బోధించెను. నేడు మండు వస్తువులపై నా పదమే తఱచుగా కానవచ్చుచున్నది.

మఱికొన్నిచోట్ల నొకే రూపము రెండు విరుద్ధార్థముల నిచ్చును. ‘క్లీవ్’ అనగా చీల్చుట, అంటిపెట్టుకొనుట. ప్రాచీనాంగ్లమున నివి వేర్వేఱు ధాతువులు. కాలక్రమమున నుచ్చారణసామ్యముచే నేకరూపమును పొందినవి. ‘డిసింటరెస్టెడ్’ పదునేడవ శతాబ్దమున ఆసక్తి లేమిని తెలుపుచుండెను. పిమ్మట స్వార్థము లేని నిష్పక్షపాతి యను నర్థము ప్రబలినది.

ఒక పదమునకు విపరీతార్థక మొక్కటియే యుండవలెనను నియమమును లేదు. ‘ఓల్డ్’ అను పదమునకు వస్తువిషయమున ‘న్యూ’ యెదురు. వయోవిషయమున ‘యంగ్’ యెదురు. తెలుగునందు పాత, ముసలి యని రెండు పదములుండుటచే క్రొత్త, పడుచు యని రెండు ప్రతిపదములు స్పష్టముగా నేర్పడినవి. అందుచే తెలుగు బాలురకు ‘ఓల్డ్’ పదమునకు వ్యతిరేకమేమని యడుగుటకు ముందు, అది యే వాక్యమున నున్నదో చూపుట మేలు. పదముల జంటల పట్టికను వల్లించినవానికి రూపము మాత్రమే చిక్కును. పదముయొక్క పుట్టుకయు ప్రయోగమును తెలిసినవానికే యర్థము చిక్కును.