కామన్ బ్లాక్ (ఫోర్‌ట్రాన్)
కామన్ బ్లాక్ అనేది విడివిడిగా కంపైల్ అయ్యే ఉపప్రోగ్రాములు కంప్యూటర్ మెమరీలోని ఒకే భాగాన్ని ఉమ్మడిగా వాడుకునేందుకు 1958 నాటి ఫోర్‌ట్రాన్ 2 ప్రోగ్రామింగ్ భాషలో ప్రవేశపెట్టిన ఏర్పాటు. ఇందులో చలరాశులు, అంటే విలువలను నిలిపి ఉంచే పేర్లు, పేరును బట్టి కాక ప్రకటించిన వరుసను బట్టి జతపడతాయి కాబట్టి, ఒక ఉపప్రోగ్రాములో వరుస మార్చి మరొకదానిలో మార్చడం మరిస్తే, కంపైలర్ హెచ్చరించకుండానే విలువలు తారుమారు కావచ్చు. ఉదాహరణకు, 32 బిట్ల ఐఈఈఈ ప్రమాణ పద్ధతిలో వాస్తవ సంఖ్యగా భద్రపరచిన 1.0ను పూర్ణాంకంగా చదివితే 1065353216 వస్తుంది. ఇంత వింత విలువ కనీసం కంటపడుతుంది. ఒకే రకపు చలరాశులు రెండు స్థానాలు మార్చుకున్నప్పుడు మాత్రం ఫలితం నమ్మదగినట్టే కనబడుతుంది, అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఫోర్‌ట్రాన్ 90లోని మాడ్యూళ్లు పేర్లనూ రకాలనూ కంపైలరే సరిచూసే వీలు కల్పించగా, ఫోర్‌ట్రాన్ 2018 ప్రమాణం కామన్ బ్లాకును కాలం చెల్లుతున్న లక్షణాల జాబితాలో చేర్చింది.