యంత్రవిద్యకు ముందు ఒక ఆషాఢం

ఇంజనీరింగులో చేరబోయే పిల్లవాడు సెలవుల్లో ఏమి చదువుకోవాలని తెలుగు పండితుణ్ణి ఎవరైనా అడుగుతారా? నన్ను అడిగారు. ఆ ముచ్చటకు ముందు మా ఓరుగల్లు సంగతి కొంత చెప్పాలి.

1959 అక్టోబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ ఇక్కడ ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపన చేశారు. దేశంలో ఆ వరుస కళాశాలలకు ఇదే మొదటిది. కేంద్రమూ రాష్ట్రమూ కలిసి నెలకొల్పినది గనుక సీట్లలో సగం మనవారికి, సగం ఇతర రాష్ట్రాలవారికి. 2002లో అది ఎన్.ఐ.టి. అయింది, మా తరం నోట మాత్రం నేటికీ ఆర్.ఇ.సి.యే. నానా భాషల పిల్లలు కాజీపేటలో రైలు దిగి వచ్చేవారు. అటువంటి తరగతిలో బోధన ఇంగ్లీషులో గాక మరెట్లా సాగుతుంది?

అయితే ఈ గడ్డ మీద ఇంజనీరింగు దేశభాషలో సాగిన కాలమూ ఉన్నది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో. పాఠ్యగ్రంథాల కోసం అంతకు ముందే, 1917లో, అనువాద సంస్థ దారుల్ తర్జుమా ఏర్పడింది. 1929లో మొదలైన ఇంజనీరింగు కళాశాలలోనూ ఉర్దూయే. 1948 తర్వాత ఆ స్థానం ఇంగ్లీషుకు దక్కింది. తెలుగు వంతు రానే లేదు. 1968లో తెలుగు అకాడమి పుట్టి ఇంటర్మీడియట్‌కూ డిగ్రీకీ శాస్త్రగ్రంథాలను తెలుగులో తెచ్చింది. ఇంజనీరింగు దాకా మాత్రం వంతెన సాగలేదు. అది చదవదలచినవాడు ఈదవలసినదే.

1990 దశకం తొలి ఏళ్లలో అట్లా ఈదవలసి వచ్చిన నా శిష్యుడొకడు తండ్రితో కలిసి మా ఇంటికి వచ్చాడు. తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదివి ఎంసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకొన్నాడు. ఆర్.ఇ.సి.లో మెకానికల్ సీటు. తండ్రి బండిచక్రాలు చేసే వడ్రంగి. "అంత ఇంగిలీషుల చెప్తరట సారూ. పిలగాడు బుగులు పడ్తున్నడు. మీరే ఏదన్న దారి చూపాలె" అన్నాడాయన.

నాకు తెలిసిన విద్య మాటలే. రెండు వందల పారిభాషిక పదాలకు ఇంగ్లీషు సమానార్థకాలు ఒక నోటుపుస్తకంలో రాసి వల్లె వేయించాను. జడత్వ భ్రామకం, స్నిగ్ధత, స్థితిస్థాపకత... వారంలో అప్పజెప్పాడు. కాని స్ట్రెస్, స్ట్రెయిన్ అన్న రెండు మాటల తేడా అడిగితే తెల్లముఖం వేశాడు. తప్పు వాడిది కాదు. నిఘంటువులో చూస్తే రెండింటికీ ఒత్తిడి, శ్రమ అనే అర్థాలే కనబడతాయి.

అకాడమి వారి తెలుగు మాటలు చూడండి: ప్రతిబలం, వికృతి. బలాన్ని ఎదిరిస్తూ వస్తువు లోపల పుట్టేది ప్రతిబలం. దానిని వైశాల్యంతో భాగించి కొలుస్తారు. వికృతి వేరు. విద్యకు విద్దె, రాత్రికి రాతిరి అని మేము బడిలో చెప్పే ప్రకృతి వికృతులే ఇక్కడా. మీటరు కడ్డీ ఒక మిల్లీమీటరు సాగితే వికృతి వెయ్యింట ఒక వంతు.

ఇంత చెప్పినా వాడికి నిజంగా తెలిసింది తండ్రి పనిచేసే చోటనే. ఆనాడు బండిచక్రానికి ఇనుప పట్టా ఎక్కిస్తున్నారు. పట్టా చుట్టుకొలత చక్రం కన్న కాస్త తక్కువ. పిడకల మంటలో ఎర్రగా కాల్చి, వ్యాకోచించగానే చక్రానికి తొడిగి నీళ్లు కుమ్మరించారు. బుస్సుమని ఆవిరి లేచింది. కర్ర కిర్రుమన్నది. వాడు కాసేపు చూసి "అంటే సార్, చల్లారినంక గూడ పట్టా ఇంకా సాగే ఉన్నదన్నట్టు. దాని వికృతి పోలేదు. అందుకే పట్టుకొని ఉన్నది" అన్నాడు. పుస్తకం మూసేశాను.

కాజీపేటలో మేము చూసిన ఆవిరి ఇంజన్ల చక్రాలకూ ఉక్కు పట్టాలను ఇట్లాగే కాల్చి తొడిగేవారు. తండ్రి పనిని మెకానికల్ ఇంజనీరింగు అని ఎవరూ అనలేదు, అంతే.

నా సాయాన్ని గొప్ప చేసుకోను. దసరాకు వచ్చినప్పుడు, పాఠం వేగం అందుకోలేక మొదటి నెలలో సగం పోగొట్టుకొన్నానన్నాడు. మాటలు నేర్పాను గాని వినడం నేర్పలేదు నేను. డ్రాయింగు సంగతి సరేసరి, నాకే తెలియదు. వర్క్‌షాపులో ఉలి, చిత్రిక మాత్రం వాడి చేతికి కొత్త కావు.

2021లో తెలుగుతో సహా పలు దేశభాషలలో బి.టెక్. బోధనకు సాంకేతిక విద్యామండలి అనుమతించింది. మంచిదే. అయితే మాటల పట్టికలు ఇచ్చి చేతులు దులుపుకొంటే ఏమవుతుందో నాకు అనుభవమే.

రెండవ ఏట వాడు నోటుపుస్తకం తిరిగి ఇచ్చివెళ్లాడు. మొమెంట్, మొమెంటమ్ అన్న రెండింటికీ నేను భ్రామకమని రాసి ఉన్నాను. రెండవదానిని ఎర్రసిరాతో కొట్టివేసి, పక్కన ద్రవ్యవేగమని గుండ్రని అక్షరాలతో దిద్దాడు.