కైరోస్: ఆయువుపట్టు నుంచి అదను దాకా

బైబిలు కొత్త నిబంధనలో అవకాశం, తగిన సమయం అనే అర్థాల్లో కనిపించే గ్రీకు మాట కైరోస్. దీని తోబుట్టువు లాంటి 'కైరియోస్' హోమర్ నాటికి కాలాన్ని కాదు, దేహంలోని చోటును చెప్పేది. 'ఇలియడ్'లో పారిస్ బాణం నెస్టర్ గుర్రానికి నడినెత్తిన, జూలు మొదలయ్యే చోట దిగుతుంది. దెబ్బ పడితే ప్రాణం నిలవని ఆ ఆయువుపట్టును కవి ఈ మాటతోనే చెప్పాడు.

తర్వాత కవి హెసియడ్ చేతిలో కైరోస్‌కు 'మితం' అన్న అర్థం వచ్చింది. హిపోక్రటీస్ పేరిట ఉన్న వైద్య సూత్రాల్లో చికిత్సకు దొరికే అదనైంది, అదీ ఇట్టే జారిపోయేది. క్రీ.పూ. 4వ శతాబ్దిలో శిల్పి లిసిప్పస్ దాన్ని కాళ్లకు రెక్కలున్న యువకుడిగా మలిచాడు. నుదుటి మీద జుట్టు, వెనక బట్టతల: ఎదురొచ్చినప్పుడే పట్టుకోవాలి.

హీబ్రూ లేఖనాలు గ్రీకులోకి వచ్చాక ఈ మాట బరువు మారింది. ప్రసంగి గ్రంథం మూడో అధ్యాయంలో 2 నుంచి 8 వచనాల వరకు కైరోస్ 28 సార్లు వస్తుంది. పుట్టడానికి, చావడానికి, నాటడానికి, పెరకడానికి దేని కాలం దానిదే. ఇక్కడ అదను మనిషి ఒడిసిపట్టేది కాదు, దేవుడు ఇచ్చేది.

కొత్త నిబంధనలో ఈ రెండు ధోరణులూ కలిశాయి. మార్కు సువార్తలో యేసు తొలి ప్రకటనే కాలం నిండిందని. వెంటనే మారుమనస్సు పొందమన్న పిలుపు. ఎఫెసీయుల పత్రికలో కైరోస్ పక్కన వాడిన క్రియ అంగడిలో కొనుగోలుకు చెప్పే మాట, అంటే అదనును మనిషే దక్కించుకోవాలి.

నా దృష్టిలో అన్నిటికన్నా పదునైన ప్రయోగం అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయంలో ఉంది. కైసరయలో ఖైదీ పౌలు అధిపతి ఫేలిక్సు ఎదుట న్యాయం గురించీ, ఆశానిగ్రహం గురించీ, రాబోయే తీర్పు గురించీ మాట్లాడాడు. ఫేలిక్సు వణికిపోయాడు. కైరోస్ దొరికినప్పుడు మళ్లీ పిలిపిస్తానని పంపేశాడు. పిలిపించాడు కూడా, చాలాసార్లు, లంచం దొరుకుతుందేమోనని. రెండేళ్లు గడిచాయి, పదవి చేతులు మారింది, పౌలు బంధకాల్లోనే ఉన్నాడు. ఎదుట నిలిచిన అదనును వాయిదా వేయడానికి అదే మాటను అడ్డుపెట్టుకున్నాడు ఆ అధికారి.

20వ శతాబ్దిలో కొందరు పండితులు క్రోనోస్ అంటే గడిచే కాలం, కైరోస్ అంటే దైవ సమయం అని గట్టి గీత గీశారు. 1962లో బైబిలు పండితుడు జేమ్స్ బార్ దాన్ని చెరిపేశాడు: బైబిలు రచయితలు చాలాచోట్ల రెండింటినీ ఒకే అర్థంలో వాడారని చూపించాడు. ఆయన మాటే సరైనదనిపిస్తుంది. బలం పదంలో లేదు, అది పలికిన సందర్భంలో ఉంది.

అలాంటి సందర్భంలోనే, 1985లో దక్షిణాఫ్రికాలో అత్యవసర పరిస్థితి నడుస్తుండగా, సొవెటోతో ముడిపడిన క్రైస్తవ వేదాంతుల బృందం 'కైరోస్ పత్రం' వెలువరించింది. వర్ణవివక్షను సమర్థించే రాజ్య వేదాంతాన్నే కాదు, న్యాయం ఊసెత్తకుండా సయోధ్య బోధిస్తున్న సంఘాలనూ అది నిలదీసింది. ఎటు నిలబడతారో ఇప్పుడే తేల్చుకోమంది.