చెత్తదిబ్బపై శాద్వలము

న్యూయార్కు మహానగరపు అయిదు విభాగములలో జనసంఖ్యచే కనిష్ఠమైనదియు, తక్కిన నాల్గింటివారికి పడవ షికారునకే తప్ప జ్ఞప్తికి రానిదియు నగు స్టాటెన్ ద్వీపమున, పడమటి ప్రక్క, 2023 అక్టోబరు 15వ తేదీన 21 ఎకరముల తోట యొకటి ప్రజలకై తెఱవబడినది. 2,200 ఎకరముల మేర వ్యాపింపనున్న ఫ్రెష్‌కిల్స్ ఉద్యానమున ఇది యొక చిన్న అంచు మాత్రమే. సరిహద్దులలో ఆటస్థలములు కొన్ని అంతకు ముందే వెలసినను, లోపలి భాగమునకు జనులను యథేచ్ఛగ రానిచ్చుట దీనితోనే మొదలు. పక్షులను చూచుటకు కట్టిన మంచె యెక్కి నిలిచినచో క్రింద మెలికలు తిరిగిన ఉప్పుటేరు, దాని కావల పచ్చని గుట్ట కానవచ్చును. గాలిలో దుర్గంధము లేదు. పోటు తీసిన బురద వాసన మాత్రమే కలదు. అయినను ఆ గుట్టను కొంతసేపు పరికించినవానికి సందేహము కలుగక మానదు. దాని వాలు కొండవాలువలె కాక, నూలుపట్టి కొలిచినట్లు సమముగ నుండును. గడ్డి నడుమ అక్కడక్కడ గొట్టపు మూతులు పైకి పొడుచుకొని వచ్చి యుండును. ఒక్క బండరాయియు లేదు.

1948కి పూర్వము ఈ ఫ్రెష్‌కిల్స్ ప్రాంతము ఉప్పునీటి చిత్తడినేల. ఆ కాలమున న్యూయార్కు నిర్మాణకార్యములకెల్ల సూత్రధారి రాబర్ట్ మోసెస్. క్వీన్స్ విభాగమున కొరోనా అనుచోట పేరుకొనిన బూడిదగుట్టలను, ఫిట్జెరాల్డ్ 1925లో ప్రకటించిన ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ నవలకెక్కిన ఆ గుట్టలనే, చదునుచేయించి 1939 నాటి ప్రపంచ ప్రదర్శనమునకు రంగస్థలము కావించిన దక్షుడు. అట్టివానికి పీతలును కొంగలును తప్ప మఱేమియు పండని బురద వ్యర్థభూమిగ కనుపట్టుట వింత కాదు. మూడేండ్లపాటు చెత్తతో పూడ్చి, గట్టినేల చేసి, దానిపై రహదారియు ఇండ్లును పరిశ్రమలును వెలయింపవచ్చునని సంకల్పము. మన పట్టణములలో చెరువులు పూడ్చి ప్లాట్లు వేసిన పెద్దల గణితమును ఇదియే గదా. నీరు నిలుచు నేలకు వారి లెక్కలో వెల కట్టుట లేదు.

ఆ మూడేండ్లు ఏబదిమూడేండ్లైనవి. నగరమున చెత్తను కాల్చు కొలుములు ఒక్కొక్కటిగ మూతపడగా, తక్కిన దిబ్బలు నిండిపోగా, భారమంతయు ఇచ్చటికే చేరెను. 1991 నుండి నగర గృహముల చెత్తకు ఇదొక్కటే గతియయ్యెను. 1980ల ఉత్తరార్ధమున ఒక దశలో దినమునకు 29,000 టన్నుల వంతున పడవలమీద తరలివచ్చినది. మొత్తము పోగైనది సుమారు 15 కోట్ల టన్నులని అంచనా. ఆర్థర్ కిల్ అను ఇఱుకు జలసంధి కావల న్యూజెర్సీ రాష్ట్రము; నీటబడిన చెత్త తమ యొడ్డునకు కొట్టుకొని వచ్చుట సహింపజాలక అచ్చటి వుడ్‌బ్రిడ్జ్ పురపాలకులు 1979లో న్యూయార్కు నగరముపై వ్యాజ్యము వేసిరి. ఈ వుడ్‌బ్రిడ్జ్‌లోని భాగమే ఇజెలిన్. ఎడిసన్ నుండి ఇజెలిన్ వఱకు సాగు ఓక్‌ట్రీ రోడ్డున నేడు మనవారు ఆవకాయ జాడీలును పట్టుచీరలును బేరమాడుచుందురు.

ద్వీపవాసులకును ఓర్పు నశించెను. నగరమునుండి విడిపోవలెనా యని 1993లో ఓటు పెట్టగా నూటికి 65 మంది విడిపోవలెననిరి. ఆ క్రోధమునకు గల కారణములలో ఈ దిబ్బ చిన్నది కాదు. 2001 సంవత్సరాంతమునకు దీనిని మూసివేయవలెనని 1996లో రాష్ట్రశాసనము పుట్టినది. గడువునకు ముందే, 2001 మార్చి 22వ తేదీన, కడపటి పడవ వచ్చి పోయెను.

ఆఱు నెలలు తిరుగకమునుపే ఉగ్రవాదుల దాడిలో నగరమందలి వాణిజ్యకేంద్రపు జంటగోపురములు కూలినవి. అంత శిథిలరాశిని విప్పి వెదకుటకు చాలిన విశాలస్థలము నగరమునకు మఱియొకటి లేకపోగా, మూసిన దిబ్బను మరల తెఱచి, పది లక్షల టన్నులకు మించిన శిథిలములను పడమటి గుట్టపైకి చేర్చిరి. నేర పరిశోధకులును పారిశుద్ధ్య కార్మికులును మఱెందఱో 2002 జూలై వఱకు, రేయింబవళ్లు వంతులు వేసికొని, కదలు పట్టాలపై సాగిపోవు ధూళిలో ఉంగరమో, తాళపుచెవియో, ఎముక తునుకయో కనబడునాయని చూపు మఱల్చక నిలిచిరి. నాలుగు వేలకు మించిన శరీరశకలములు దొరకినవి. వానివలన కొన్ని వందలమంది మృతుల గుర్తింపు సాధ్యమయ్యెను. జల్లెడలో నిలువని సన్నని ధూళిని మాత్రము అచ్చటనే ఉంచి మట్టి కప్పిరి. దానిలో తమవారి అవశేషములు కలిసియుండుననియు, వానిని చెత్తపై విడువరాదనియు, వేరొకచోటికి తరలింపవలెననియు మృతుల బంధువులు కొందఱు న్యాయస్థానమునకెక్కిరి. 2008లో వ్యాజ్యము కొట్టివేయబడెను, అప్పీలును ఫలింపలేదు, 2010లో సుప్రీంకోర్టు వినుటకే నిరాకరించెను. ఆ తీర్పులు చట్టమునకు సమ్మతములే కావచ్చును. కాని చితాభస్మమును కుండలో మూటగట్టి గోదావరికో కృష్ణకో కొనిపోయి కలిపినగాని ఋణము తీరదనుకొను మనవంటివారికి ఆ బంధువుల పక్షమే సహజముగ తోచును. జంటగోపురముల పొడవు వెడల్పులకు సరిపోవు రెండు మట్టికట్టలను ఆ గుట్టపై పరుండబెట్టినట్లు నిర్మింపవలెనని 2006 నాటి ఉద్యాన ప్రణాళికలో సూచించిరి.

ఆ ప్రణాళికను రచించినది జేమ్స్ కార్నర్ నాయకత్వము వహించు ఫీల్డ్ ఆపరేషన్స్ సంస్థ. అయితే ఇచ్చట శిల్పికంటె ఇంజనీరునకే పని హెచ్చు. చెత్తపై మట్టి సవరించి, దానిపై వాయువు వెడలుటకు వీలగు వస్త్రమువంటి పొరయు, ఆపైన నీరు చొరనీయని దళసరి ప్లాస్టిక్ పటమును, వాననీటిని ప్రక్కలకు జార్చు మఱియొక పొరయు పఱచి, అన్నిటి మీద సుమారు రెండున్నర అడుగుల మట్టి పోసి, అప్పుడు గడ్డి విత్తిరి. లోపల క్రుళ్లుచున్న పదార్థములనుండి పుట్టు మీథేన్ వాయువును గొట్టములతో లాగి శుద్ధిచేసి అమ్మగా, ఒక కాలమున ద్వీపమందలి 20,000కు పైబడిన గృహములకు చాలినంత యింధనము లభించెను. దిబ్బ అడుగున ఊరు మలినద్రవమును పట్టి శుభ్రపఱచుట నేటికిని ఆగలేదు. కొన్ని దశాబ్దములకుగాని ఆగదు. అరిజోనా విశ్వవిద్యాలయ పురాతత్త్వజ్ఞుడు విలియం రాత్జె ఫ్రెష్‌కిల్స్‌తో పాటు పెక్కు దిబ్బలను బావులవలె త్రవ్వించి చూచినప్పుడు, గాలి సోకని లోతున ఏండ్లనాటి వార్తాపత్రికలు అక్షరము చెడక చదువుకొనదగినట్లుండెను. కావున చెత్త మట్టిలో కలిసి ఉద్యానమైనదను ప్రచారము నాకు నచ్చదు. కావలి విడువరాని నిక్షేపమొకటి లోపల నుండగా, దానిపై నడచుటకు జనులకు అనుమతి దొరకినది. ఆ కావలి సక్రమముగ సాగుటయే ఇచ్చటి ఘనత. 1977 నుండి నగర పారిశుద్ధ్యశాఖకు జీతము లేని ఆస్థానకళాకారిణిగ నున్న మియర్ల్ లాడర్‌మన్ యుకెలీస్ ఈ సంగతిని ముందుగనే గ్రహించినట్లున్నది. 1979–80లో ఆమె సుమారు 8,500 మంది పారిశుద్ధ్య కార్మికులలో ప్రతియొక్కనికి చేయి కలిపి కృతజ్ఞత తెలిపినది.

మట్టి పలుచన; వేళ్లు ప్లాస్టిక్ పటమును ఛేదింపరాదు; కావున గుట్టలపై వృక్షములకంటె గడ్డికే చోటు. ఈ నిర్బంధమే ఒక పిట్టకు వరమైనది. మిడుతవలె కీచుమని పాడు గ్రాస్‌హాపర్ స్పారో, బయళ్లు తఱిగి అమెరికాలో నానాటికి క్షీణించుచున్న జాతి, ఇచ్చట గూళ్లు కట్టి పిల్లలను చేయుచున్నది. పక్షులకే కాదు, పశువులకును ఇచ్చట పని దొరకినది: 2012లో విపరీతముగ పెరిగిన రెల్లును మేయించుటకు మేకలను తెచ్చిరి.

ఉద్యానము సమగ్రమగుటకు 2036 గడువని అధికారులు చెప్పుచున్నారు. ఇక నగరపు చెత్త ఎచ్చటికి పోవుచున్నది? వర్జీనియా, దక్షిణ కెరొలైనా మొదలగు దూరరాష్ట్రముల దిబ్బలకు కొంత రైళ్లమీదను కొంత లారీలమీదను పంపుచున్నారు. స్టాటెన్ ద్వీపపు వంతు చెత్తను పెట్టెలలో అదిమి రైలుకెక్కించు కేంద్రము ఈ 2,200 ఎకరముల ప్రాంగణములోనే పనిచేయుచున్నది.